కండకు సాక్ష్యం లేదు

సోమవారం

పల్లకీలో ప్రమాదం జరిగిన ఇంటివాళ్లు రోజూ పొద్దున్నే తమ క్షేమసమాచారం గోడకు చెప్పుకోవాలి. గోడలకు చెవులుంటాయని మా నాయనమ్మ అనేది. ఆవిడ పోయాక వాటికి నోరు కూడా వచ్చింది. ఈ ఉదయం నేను గొంతు సవరించుకుని, "మొన్న శనివారం సాయంత్రం మేమిద్దరం గుడ్లు తెచ్చుకుందామని కింది మెట్టుకు వెళ్లి..." అని మొదలెట్టానో లేదో, గోడ అందుకుని, "ధన్యవాదాలు, పానకాలు గారూ. క్షేమమని రాసుకున్నాను. శుభం" అంది. నేనింకా క్షేమం దాకా రానే లేదు. గుడ్ల దగ్గరే ఉన్నాను.

అందుకని అటక మీది పాత కాగితాల కట్ట దించి ఇందులో రాసుకుంటున్నాను. కాగితంలో ఉన్న సుగుణం ఏమిటంటే, మధ్యలో మాట్లాడదు.

నా బడి చదువు నాలుగో తరగతితో ఆగింది. ఆ తర్వాతి చదువంతా కాలవ లాకుల దగ్గర కళాసీగా పనిచేస్తూ, పడవకూ పడవకూ మధ్య దొరికిన ఖాళీలో, సరుకులు చుట్టొచ్చిన కాగితాల మీద చదివినదే. అందువల్ల నాకు ప్రతి విషయమూ సగమే తెలుసు. రెండో సగం ఎవరి పొట్లంలోనో వెళ్లిపోయింది. సముద్రం పైకొచ్చి లంకల్నీ లాకుల్నీ మింగాక మా వాళ్లందర్నీ ఈ గుట్ట మీదికి ఎక్కించారు. మెట్లు మెట్లుగా చెక్కిన ఊరు. మాది మూడో మెట్టు.

సరే, ప్రమాదం సంగతి. నడిపేవాడు లేని కారును ఇక్కడ అందరూ పల్లకీ అంటారు. ఎక్కి కూర్చోవడమే మన పని. ఎటు పోవాలో, ఎక్కడ ఆగాలో అదే చూసుకుంటుంది. శనివారం మేం ఎక్కిన పల్లకీ బుద్ధిగా గుట్ట ఎక్కుతోంది. ఎవరి డాబా మీదో ఎండకు అడ్డంగా కట్టిన గుడ్డ ఒకటి తెగి గాల్లో ఎగిరొచ్చింది. మా పల్లకీ దాన్ని చూసి మనిషనుకుందో ఏమో, ఉన్నచోట ఠక్కున నిలబడిపోయింది. వెనక వస్తున్న పల్లకీ కూడా ఆగింది గానీ, మమ్మల్ని ఒక్క గుద్దు గుద్ది మరీ ఆగింది.

నా ఇల్లాలు తిరపతమ్మ ఒడిలో గుడ్ల బుట్ట ఉంది. పల్లకీ కుదిపేసరికి ఆమె ఒళ్లంతా బిగబట్టి బుట్టను పసిబిడ్డలా కావిలించుకుంది. ఒళ్లు, బుట్ట కదల్లేదు. తల మాత్రం ముందుకు పోయి వెనక్కి వచ్చింది, చేటలో బియ్యం ఎగరేసినట్టు. ఒక్క గుడ్డు పగల్లేదు. నా చిటికెన వేలు కమ్మీకి కొట్టుకుంది.

రెండు పల్లకీలూ దీపాలు ఆర్పి వెలిగించి ఒకదానికొకటి క్షమాపణలు చెప్పుకుని కదిలాయి. లోపలున్న మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికొచ్చాక తిరపతమ్మ గుడ్లు ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసుకుని, "అన్నీ బానే ఉన్నాయి" అని తృప్తిపడింది.

ఆదివారం పొద్దున మంచువలలు దులపడానికి మేడెక్కింది. ఇక్కడ తాగునీళ్లు అవే. తెల్లారేసరికి వలలకు పట్టిన మంచును, తలెత్తి చూస్తూ పొడుగాటి కర్రతో తట్టి తొట్టెలోకి రాల్చుకోవాలి. ఆమె కర్ర ఎత్తింది. తల ఎత్తలేకపోయింది. మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"ఏమైందే?"

"చెవి కింద నించి భుజం దాకా ఎవరో పురికొస కట్టి లాగినట్టుందయ్యా. లెగలేను."

ఈ సంగతే ఇవాళ గోడకు చెబుదామనుకున్నాను.

మంగళవారం

ఆసుపత్రి అయిదో మెట్టు మీద ఉంది. అక్కడ మనిషిని చూసేది మనిషి కాదు, అద్దం. నిలువెత్తు అద్దం ముందు నిలబడితే లోపలిదంతా చూసి, ఎవర్ని చేర్చుకోవాలో ఎవర్ని పంపేయాలో అదే తేలుస్తుంది. చేర్చుకున్నవాళ్లకే లోపలి తలుపులు తెరుచుకుంటాయి.

ముందు తిరపతమ్మ నిలబడింది. "ఎముకలు చక్కగా ఉన్నాయి. ఇంటికి వెళ్లవచ్చు. శుభం" అంది అద్దం.

ఆమెకు చెయ్యందించడానికి నేను దాని ముందుకు వెళ్లాను. అదే నేను చేసిన పాపం. "చిటికెన వేలి ఎముకలో వెంట్రుకవాసి బీట. చేర్చుకుంటున్నాను" అంది. ఆ వేలికి నొప్పి లేదు, ఏమీ లేదు. దాంతో అప్పుడే ముక్కు గోక్కున్నాను కూడా. ఇద్దరు పనివాళ్లు వచ్చి నన్ను చక్రాల కుర్చీలో కూలేశారు. మెడ పట్టేసి మూలుగుతున్న మనిషి నా చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచింది, తలుపు దాకా. తలుపు ఆమెను లోపలికి రానివ్వలేదు.

నాకు మెత్తటి పరుపు, మిరియాల చారు, కాళ్లకు వెచ్చటి దుప్పటి ఇచ్చారు. చిటికెన వేలికి పెళ్లికొడుకు తలపాగా అంత కట్టు కట్టారు.

సాయంత్రం కెజియా అనే అమ్మాయి వచ్చింది. ఫిజియోథెరపిస్టు. మా లంకవాళ్ల పిల్లే. నా వేలు చూసి నవ్వి, బయట బల్ల మీద కూర్చున్న తిరపతమ్మ దగ్గరికి వెళ్లి మెడ పట్టి చూసింది. తలుపు అద్దాల్లోంచి నేను చూస్తూనే ఉన్నాను. తిరిగొచ్చినప్పుడు నవ్వు లేదు.

"ఎండిన తాడల్లే ఉంది బాబాయిగారూ. కండలూ నరాలూ సాగి, కొంచెం చిరిగి ఉంటాయి. బాగా వాచింది."

"మరి ఆ అద్దానికి కళ్లు లేవా తల్లీ?"

"దానికి ఎముకలే నేర్పారు. ఎముక విరిగితే గీత కనపడద్ది. కండ సాగితే దానికేం కనపడదు. పైగా పల్లకీ దానికి ముందే చెప్పింది, ఒడిలో గుడ్లే పగల్లేదు, కుదుపు చాలా చిన్నదని."

నాకు ఒళ్లు మండింది. గుడ్లు ఎందుకు పగల్లేదో ఆ పల్లకీకి ఎవరు చెప్పాలి? గుడ్లకు తగలాల్సింది మెడకు తగిలింది. చెయ్యాల్సిన పని చేసినందుకు ఆమెకు శిక్ష.

"పోనీ వదిలేస్తే అదే సర్దుకోదా?"

"కొందరికి సర్దుకుంటది. పిన్నిగారిది అట్టా లేదు. నెల తిరిగేలోగా వేడినీళ్ల తొట్టిలో పెట్టి రోజూ మెల్లిగా కదిలించాలి. లేకపోతే బిగిసినకాడే బిగిసిపోద్ది. ఆ తరవాత పక్కకి చూడాలన్నా ఒళ్లంతా తిప్పాలి. వలల సంగతి ఇంక మర్చిపోవటమే."

"మరి పెట్టు తల్లీ, తొట్టిలో."

"తొట్టిగది తలుపు అద్దం చేతిలో ఉంది బాబాయిగారూ. నా చేతిలో ఉన్నయ్యి ఈ రెండు చేతులే."

బుధవారం

రోగులు కాని వాళ్లకు లోపల చోటు లేదట. రోగులైన వాళ్లకు బయట చోటు లేదట. ఇంటికి పంపేసిన తిరపతమ్మకు కాపడం పెడదామని ఆసుపత్రి బట్టల్లోనే బయటికొచ్చి పల్లకీ ఎక్కాను. అది తలుపులు వేసుకుని, "మీరు దారితప్పిన రోగి. భయపడకండి" అని ఓదార్చి, వెనక్కి తిరిగి నన్ను నా మంచం దగ్గరికే చేర్చింది. రాత్రి చారులో మిరియాలు ఎక్కువ వేశారు.

గురువారం

వేలు నయమైందని వదిలేశారు. ఇంటికొచ్చేసరికి పక్కింటి మస్తానమ్మ మా వలలు దులుపుతోంది. తిరపతమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడ్డానికి తల తిప్పలేదు, నడుముతో సహా తిరిగింది. పిలిస్తే గుడి తలుపులు రెండూ ఒకేసారి తిరిగినట్టు తిరగడం, అది చూడ్డం నాకు నచ్చలేదు. నవ్వులాటగా అన్నాను కూడా, "మహారాణిలా తిరుగుతున్నావే" అని.

"నీకు వేలు, నాకు మెడ. వాళ్లకి వేలే ముద్దొచ్చింది" అంది.

కెజియా కబురు పంపింది. కంటికి కనపడని దెబ్బలకు ఇంకో దారి ఉందట. దాన్ని సంభాషణ పరీక్ష అంటారు. రోగిని కూర్చోబెట్టి అద్దం కాసేపు కబుర్లు చెబుతుంది. ఆ కబుర్లలో మెడ ఎంత కదిలిందో చూస్తుంది. కదలకపోతే దెబ్బ ఉన్నట్టు. కదిలితే లేనట్టు. ఎవరికైనా రెండుసార్లే అవకాశం. ఇంతకంటే తేలికైన పరీక్ష ఉండదనుకున్నాను. మెడ కదపలేని మనిషికి మెడ కదపకుండా ఉండమనడం కూడా ఒక పరీక్షేనా?

శనివారం

అవును, అదీ పరీక్షే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మనవాళ్లు చెవులతో వినరు, మెడతో వింటారు. ఎదుటివాడు ఒక మాట అంటే ఓసారి ఊపాలి. సగం మాట అంటే సగం ఊపాలి. లాకుల దగ్గర మా సూపరింటెండెంటు ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా తల ఊపేవాడు. అవతలివాడికి కనపడదండీ అంటే, కనపడకపోతే మర్యాద మానేస్తామా అనేవాడు. ఈ అద్దాలకు చదువు చెప్పిన దేశంలో మనుషులు నిటారుగా కూర్చుని వింటారట. ఇది నేను పూర్తిగా చదివిన కాగితమే, సగం కాదు.

తిరపతమ్మ కుర్చీలో కూర్చుంది. అద్దం అల్లుడిలా మాట్లాడింది. "అమ్మా, ప్రయాణం బాగా జరిగిందా? మూడో మెట్టులో ఈ ఏడు ఎండ ఎక్కువట గదమ్మా?"

ఆమె తల ఊపింది. ఊపినప్పుడు పెదవి కొరుక్కోవడం నేను చూశాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఊపింది. అద్దం పిల్లల గురించి అడిగింది, వానల గురించి అడిగింది, లంకల్లో పండే అరటి గురించి అడిగింది. అన్నిటికీ ఊపింది. అరటికి రెండుసార్లు ఊపింది.

"మెడ అన్ని దిక్కులకూ కదులుతోంది. శుభం."

బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "ఊపొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పానా లేదా?"

"చెప్పావు. ఆ చెప్పినప్పుడు కూడా ఊపాలనే వచ్చింది, ఆపుకున్నా."

"మరి అక్కడెందుకు ఆపుకోలేదు?"

"అమ్మా అమ్మా అని అంత పద్ధతిగా అడుగుతుంటే రాయల్లే కూచుంటానా? ఏ ఇంటి ఆడదిరా ఇది అనుకోదూ?"

"అది అద్దమే."

"అయితే ఏంది? అది నేర్చుకున్న మర్యాద మనకి లేదా?"

దారి పొడుగునా ఇదే. పల్లకీ మధ్యలో, "ప్రయాణికులు ప్రశాంతంగా ఉండగోరుతున్నాను" అంది. దానికి ఆమె సరేనని తల ఊపబోయి, "అమ్మా" అని మెడ పట్టుకుంది.

మంగళవారం

సాధన మొదలెట్టాం. మెడ చుట్టూ తువ్వాలు చుట్టాను. మస్తానమ్మ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పింది. తువ్వాలు లోపల తల ఊగింది. మస్తానమ్మ మొగుడు బాజీ తన కీళ్లనొప్పులు చెప్పుకున్నాడు. జాలితో ఇంకా ఎక్కువ ఊగింది. మెట్టు మీదివాళ్లంతా తలా ఒక చెయ్యి వేశారు. సంగతి ఊరంతా పాకి, పరామర్శకు జనం రావడం మొదలయ్యాక పరిస్థితి మరీ చెడింది. పరామర్శకు వచ్చినవాళ్లకు తల ఊపకపోతే ఎట్లా? రోజుకు ఎన్ని ఊపులు ఊపిందో గానీ సాయంత్రానికి ముద్ద నోటి దాకా ఎత్తుకోలేక నన్ను తినిపించమంది. ఆమె అట్లా అడగడం ఎప్పుడూ లేదు. ముద్ద పెడుతూ ఒక్క కథా చెప్పలేదు. నేను కథ చెప్పలేదంటే సంగతి ఎంత దూరం వచ్చిందో ఆమెకూ తెలిసింది.

"నెల తిరక్కముందే అవ్వుద్దంటావా?" అంది.

"అవుతుంది."

రెండో పరీక్ష శుక్రవారం. అదే ఆఖరిది.

బుధవారం

పని ముగించుకుని కెజియా మా ఇంటికి వచ్చింది. బల్లలు, కుర్చీలు సర్దుతూ నేను లాకుల రోజుల్లోని బిందెల పడవ సంగతి చెబుతున్నాను. ఆ పిల్ల నన్ను చూడటం లేదు, తిరపతమ్మను చూస్తోంది.

"బాబాయిగారూ, మీరు మాట్లాడుతుంటే పిన్నిగారు కదలట్లేదు."

నిజమే. తిరపతమ్మ మట్టిబొమ్మలా కూర్చుని ఉంది.

"ఈయన చెప్పేదానికా?" అంది తిరపతమ్మ. "పెళ్లైన కొత్తలో ఊపానమ్మా. అప్పట్లో బిందెల పడవ కోసం లాకు తలుపు లాగింది ఒక్క దున్నపోతు. మొన్నామధ్య రెండయ్యాయి. ఇప్పుడు నాలుగంటున్నాడు. నేను ఊపేకొద్దీ పెరుగుతున్నాయని మానేశా."

పరీక్షలో కబుర్లు అద్దమే చెప్పాలని ఎక్కడా లేదట. దగ్గరి బంధువు కూడా చెప్పవచ్చట. కెజియా ముఖం వెలిగిపోయింది. నా మాటకు ఇంట్లో ఉన్న విలువ అయిదో మెట్టు దాకా పాకుతోందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. సరే కానివ్వండి అన్నాను.

శుక్రవారం

అద్దం ముందు ఎదురెదురుగా కూర్చున్నాం. కెజియా గోడవార నిలబడింది.

బిందెల పడవ కథే అందుకున్నాను. డీజిలు అయిపోయి కాలవల్లో పడవలు మళ్లీ తిరిగిన రోజులు. ఇత్తడి బిందెల పడవ ఒకటి లాకు తలుపుల మధ్యకు రాగానే వరద తగిలింది. తలుపు తిప్పే ఇనప చక్రానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని సూపరింటెండెంటు పెళ్లికి వెళ్లాడు. నీళ్లు ఉరుకుతుంటే వందల బిందెలు ఒకదానికొకటి కొట్టుకుని గుడిగంటల్లా మోగుతున్నాయి. నేను తలుపుకు మోకు కట్టి, గట్టు మీద మేస్తున్న దున్నపోతుల్ని తోలుకొచ్చాను. అద్దం ముందు అబద్ధం ఎందుకని రెండంటే రెండే అన్నాను.

తిరపతమ్మ కదల్లేదు. చూపు నా భుజం మీదుగా కిటికీలోకి పోయింది. ఇన్నేళ్లలో ఆ ముఖం నాకు అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు. మోకు తెగబోయే ఘట్టంలో గొంతు పెంచాను. రెప్ప వెయ్యలేదు. పడవ బయటపడింది. రెప్ప వెయ్యలేదు. చివర్లో పడవవాడు నాకు బిందె బహుమానంగా ఇస్తే వద్దన్నానని చెప్పాను. అప్పుడు మాత్రం ఆమె ముక్కు పుటాలు కొంచెం అదిరాయి. ఆ బిందె మా ఇంట్లోనే ఉంది. మెడ కదల్లేదు గనక ఫర్వాలేదనుకున్నాను.

కథ అక్కడితో ముగించాను.

"మెడ కదలిక లేదు" అంది అద్దం. కెజియా ఊపిరి వదిలింది. "ముఖ కదలిక లేదు. వింటున్న సూచన లేదు. తీవ్రమైన వినికిడి లోపం. చెవుల వార్డులో చేర్చుకుంటున్నాను. శుభం."

నేను లేచి నిలబడ్డాను. "ఆమె చెవులు శుభ్రంగా ఉన్నాయయ్యా. పిల్లి నడిస్తే వినపడుద్ది. మెడ. మెడ."

"పానకాలు గారూ, మెడ పరీక్ష ముగిసింది. ఇది చెవుల సంగతి."

"నీ చెవులు పరీక్ష చేయించుకో ముందు."

"నా చెవులు చక్కగా ఉన్నాయి. శుభం."

చక్రాల కుర్చీ వచ్చింది. తిరపతమ్మ నా వంక చూసి, "వినపడకపోయినా బాగుండు ఇన్నాళ్లు" అని గొణుక్కుంది. నేను ఆసుపత్రి అధికారి ఎవరో, ఎక్కడుంటాడో కనుక్కుందామని వరండాలో పడ్డాను. కెజియా నా చొక్కా పట్టుకుని ఆపింది.

"ఎక్కడికి బాబాయిగారూ?"

"న్యాయం అడగటానికి."

"అడిగి చెడగొట్టకండి. చేరిందా లేదా?"

"చెవులకు చేరింది."

"ఎందుకు చేరిందని తొట్టిగది తలుపు అడగదు. చేరిందా లేదా, అదే చూసుద్ది. చెవి కింద ఉండేది మెడే గదా. నేను చూసుకుంటా."

సోమవారం

చెవుల వార్డు బాగుంది. పొద్దున పనివాడు వచ్చి తిరపతమ్మ చెవుల్లో రెండు చుక్కల నూనె పోసి, "వినపడుతోందా అవ్వా?" అని అరుస్తాడు. "మెల్లగా అడుగు నాయనా, పక్క మంచం వాళ్లు లేస్తారు" అంటుంది ఆమె. అతను తల ఊపి, వినపడటం లేదని రాసుకుని పోతాడు.

మధ్యాహ్నం తొట్టి. గోరువెచ్చటి నీళ్లలో ఆమె వెల్లకిలా తేలుతుంది. కెజియా వెనక నిలబడి రెండు అరచేతుల్లో తల పట్టుకుంటుంది. నిన్న, మొన్న ఒక్క బెత్తెడు తిప్పబోయినా తిరపతమ్మ "వద్దు తల్లో" అని బిగుసుకుపోయింది. బిగుసుకుంటే కండ వదలదు. వదలకపోతే తల తిప్పడం కుదరదు. "కండ మొండికేసిందండీ" అంది కెజియా. నిన్న తొట్టిగదిలోంచి వస్తున్నప్పుడు ఆ పిల్ల ముఖం నాకు నచ్చలేదు. నెలలో సగం అద్దానికే పోయింది.

ఇవాళ అద్దం కొత్త వైద్యం రాసి పంపింది. చెవులు మొద్దుబారకుండా రోజూ తెలిసిన గొంతుతో గంటసేపు మాటలు వినిపించాలట. దగ్గరి బంధువు అయితే శ్రేష్ఠమట. నన్ను తొట్టి పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. కాళ్లు నీళ్లలో పెట్టుకోవచ్చన్నారు.

నాకు కోపం ఇంకా చల్లారలేదు. చెవులు బాగున్న మనిషికి చెవుల వైద్యం, అదీ నా నోటితో. "నేను మాట్లాడను" అన్నాను.

"చెప్పవయ్యా" అంది తిరపతమ్మ కళ్లు మూసుకుని. "మందంట గదా. ఇన్నేళ్లూ ఊరికే మింగా, ఇప్పుడు మందని మింగుతా."

మొదలెట్టాను. డీజిలు అయిపోవడం, పడవలు తిరగడం, సూపరింటెండెంటు పెళ్లికి వెళ్లడం. వరద వచ్చేసరికి ఆమె నోరు కొంచెం తెరుచుకుంది. బిందెలు మోగేసరికి సన్నగా గురక వినపడింది. నేను ఆపాను.

"ఆపకండి బాబాయిగారూ" అంది కెజియా, పెదవులతోనే.

"నిద్రపోయింది గదమ్మా. ఎవరికి చెప్పను?"

"మీరు ఆపితే లేస్తది. చెప్పండి."

చెప్పాను. మోకు కట్టాను, దున్నపోతుల్ని తోలుకొచ్చాను. ఎన్నో ఈసారి లెక్కపెట్టలేదు. లాకు తలుపు అంగుళం అంగుళంగా కదులుతోంది. నీళ్లలో కెజియా చేతులు కూడా అట్లాగే కదులుతున్నాయి. తిరపతమ్మ తల కుడివైపుకు వాలింది. ఇంకొంచెం వాలింది. మూలుగు లేదు, బిగుసుకోవడం లేదు. గడ్డం భుజం మీదికి వచ్చి ఆగేదాకా తిరిగింది. కెజియా కళ్లు తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

పడవ బయటపడింది. గురక ఆగలేదు.

ఎడమవైపు ఇంకా ఉంది. కథ మళ్లీ మొదటి నుంచి అందుకున్నాను.